దిండ్లు దులిపిన సాయంకాలాలు

మా అమ్మకు ఊపిరి అందని ఏళ్ళలో నేను బాగా అలిసిపోయాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తల్లికి సేవ చేసిన కూతురు అనగానే జనం చేతులు జోడించేస్తారు. నాకా దండాలు వద్దు. పదహారో ఏట మొదలుపెట్టి ఇరవై రెండో ఏడు దాటేదాకా చేశాను. అందులో ప్రేమ లేకపోలేదు గానీ విసుగే ఎక్కువ పాలు.

అరవైల చివరి మాట. పటాన్‌చెరుకి ఇవతల కొత్తగా వచ్చిన పెద్ద కర్మాగారంలో నాన్న ఫిట్టరు. ఆ ఉద్యోగం కోసమే తెనాలి వైపు పల్లె నుంచి వచ్చి క్వార్టర్లో దిగాం. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు. పెరటి గోడ దాటితే బండరాళ్ళు, సీతాఫలం పొదలు, కంది చేలు. మా వరసలో సగం ఇళ్ళు మా వైపు వాళ్ళవే. సాయంత్రమైతే అరుగుల మీద చేరి ఈ నీళ్ళు పడటం లేదని, ఈ గాలి పొడి గాలి అని చెప్పుకోవడమే వాళ్ళ కాలక్షేపం.

అమ్మకు ఊళ్ళో ఉన్నప్పుడు కూడా చలికాలం కాస్త పిల్లికూతలు ఉండేవట. ఇక్కడికొచ్చాక అవి ముదిరిపోయాయి. ఆయాసం వచ్చిందంటే మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు చెవుల దాకా ఎత్తేసేది. మెడ కింద గుంట లోపలికి పోయి వచ్చేది. మాట్లాడితే ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి. "మంచి... నీళ్ళు... ఇయ్యవే" అనడానికి అంతసేపు పట్టేది. మామూలు రోజుల్లో కూడా మూడు నాలుగు మాటలు కలిపి చెప్పగలిగితే ఆ రోజు బాగున్నట్టు లెక్క.

తలా ఒక కారణం చెప్పారు. ఒకరు పెరుగన్నారు, ఒకరు గుమ్మడికాయ అన్నారు. తలంటు మానిపించారు, అరటిపండు మానిపించారు, మినప్పప్పు ఇంట్లోకి రానివ్వలేదు. పక్క క్వార్టర్లో జోగిపేట నుంచి వచ్చిన ఆమె ఉండేది. మంచి మనిషి. "గిది దమ్ము బీమారి అక్కా, నువ్వు పరేషాన్ గాకు. పొద్దుగాల అల్లంరసంల తేనె కలుపుకొని తాగు" అని గ్లాసుతో తెచ్చిచ్చేది. అమ్మ తాగేది. ఎవరు ఏమిచ్చినా తాగేది, పాపం. చివరికి ఊరంతా కలిసి నేరం కర్మాగారం పొగ మీద మోపారు. చిమ్నీ కళ్ళకు కనపడుతూ ఉంటుంది, వాదించేవాడు ఉండడు.

ఇక పరుపుల సంగతి. మేము బయల్దేరేటప్పుడు అమ్మమ్మ రెండు పరుపులు, నాలుగు దిండ్లు కట్టి లారీ ఎక్కించింది. పరుపుల్లో పత్తి, దిండ్లలో బూరుగు దూది. కాయలు తను కొట్టించి, గింజలు తను ఏరి, గలీబుల మీద తన చేత్తో పచ్చ దారంతో చిలకలు కుట్టింది. పరాయి చోట నా కూతురు గట్టి నేల మీద పడుకోకూడదు అందట. మరుసటి ఏడే ఆవిడ పోయింది. అప్పటి నుంచి అమ్మకు అవి పరుపులూ దిండ్లూ కావు, పుట్టిల్లు.

ఆయాసం ఉన్నవాళ్ళు వెల్లకిలా పడుకోలేరు. వీపు వెనక ఎత్తు ఉండాలి. మొదట రెండు దిండ్లు సరిపోయేవి. తరవాత మూడు, తరవాత నాలుగు. అవీ చాలక నేనే మరో రెండు కుట్టాను. జబ్బు పెరిగినకొద్దీ దిండ్లు పెరిగాయి. అమ్మ మంచం మీద వాటిని మెట్లలా పేర్చడం నా పని.

నాన్న షిఫ్టుల మనిషి. ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లని. పి.యు.సి. పాసయ్యాక పట్నంలో డిగ్రీలో చేరాలని నా ఆశ. దరఖాస్తు కూడా తెప్పించుకున్నాను. "ఈ ఏడాదికి ఆగమ్మా, అమ్మకు కాస్త నెమ్మదించనీ" అన్నాడు నాన్న. ఆ ఏడాది ఎన్నేళ్ళు సాగిందో నాకు తెలుసు. ఎదురింటి పిల్ల రోజూ పుస్తకాలు పట్టుకుని బస్సు కోసం పోతుంటే నేను కిటికీ తలుపు వేసుకునేదాన్ని. పొగ వస్తుందని వేశాననుకునేవాళ్ళు.

ప్రతి సాయంత్రం ఆరింటికి షిఫ్టు సైరన్ మోగగానే నా కార్యక్రమం మొదలయ్యేది. బయట దుమ్ము లోపలికి రాకుండా కిటికీలన్నీ బిగించేదాన్ని. అమ్మను మంచం మీంచి లేపి పక్కన కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. తలుపు మూల కందికట్టె ఒకటి ఉండేది. దిండు ఒక్కొక్కటే మంచం కోడు మీద ఆనించి ఆ కట్టెతో దులిపేదాన్ని. ఆరు దిండ్లు. తరవాత పరుపు. అణిగిపోయిన దూది మళ్ళీ పొంగి మెత్తబడేదాకా వదిలేదాన్ని కాదు. కొన్ని రోజులు మెత్తబడిన తరవాత కూడా వదిలేదాన్ని కాదు. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండేది. జోగిపేట ఆమె గుమ్మంలో నిలబడి "బిడ్డంటే గిట్లుండాలె" అనేది. నాకు లోపల గర్వంగా ఉండేది, చెప్పొద్దూ.

వానలు వెళ్ళాక ఏడాదికోసారి సంగారెడ్డి నుంచి దూదేకుల సాయిబు వచ్చేవాడు. భుజాన దూదేకే పెద్ద విల్లు, ముక్కుకి గుడ్డ. ముసలాయన కాదు గానీ మనిషి వంగిపోయాడు. మొదటిసారి వచ్చినప్పుడు పరుపు విప్పకముందే లోపలికి చూసి, కుర్చీలో ఉన్న అమ్మ ఊపిరి కూత విన్నాడు.

"గీ పక్క మీద పండేది ఆ అమ్మేనా?" అని నన్నడిగాడు.

"అవును. ఆయాసం."

ఆయన విల్లు కింద పెట్టేశాడు. నాన్న పెరట్లోనే ఉన్నాడు. ఆయన వైపు తిరిగి చెప్పాడు. "సాబ్, ఒక మాట జెప్త, గుస్సా గాకుండ్రి. మా నాయిన గీ పని జేసి జేసి దమ్ముతోని పోయిండు. నాకు గూడ మొదలైంది. పాత దూది దుమ్ము శానా చెడ్డది. నేనింట్ల చాప మీద పండుకుంట, తలకింద దూది పెట్టుకోను. ఆ అమ్మకు గివి వద్దు. గివన్ని అవుతల పడెయ్యుండ్రి."

నాన్న నవ్వేశాడు. "పరుపు ఏకడానికి వచ్చినవాడు పరుపు పారెయ్యమంటాడేమిటయ్యా! దుమ్ము ఉందనేగా నిన్ను పిలిచింది. నీ పని నువ్వు కానీ" అన్నాడు.

లోపల అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. వాళ్ళమ్మ చేతి దిండ్లు పారెయ్యమన్నాడు కదా. సాయిబు పరుపును ఇంటికి దూరంగా, కంది చేను గట్టు దాకా మోసుకుపోయి అక్కడ ఏకాడు. తిరిగి తెచ్చి కుట్టాక "రెండు దినాలు ఎండల పెట్టుండ్రి, ఆమెను దీని దగ్గరికి రానియ్యకుండ్రి" అని చెప్పి వెళ్ళాడు. మేం ఆ సాయంత్రమే వేసేశాం. కొత్తగా పొంగిన పరుపు కదా, అమ్మకు హాయిగా ఉంటుందని. తెల్లారేసరికి అమ్మను కర్మాగారం ఆసుపత్రికి తీసుకుపోయాం. అయినా మాకు తట్టలేదు. ఆ రోజు మంచు ఎక్కువగా ఉంది, మంచే కారణం అనుకున్నాం.

ఆ ఆసుపత్రి నాకు రెండో ఇల్లయింది. ముందు ఒక చిన్న తెల్ల బిళ్ళ ఇచ్చారు. వేసుకుంటే ఊపిరి కాస్త ఆడేది గానీ గుండె దడదడ, చేతుల వణుకు. అమ్మ గ్లాసు పట్టుకుంటే నీళ్ళు చీర మీద పడేవి. ఆయాసం ఎక్కువైతే నరానికి సూది. అది తొందరగా ఇవ్వకూడదు. డాక్టరు గడియారం చూసుకుంటూ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఎక్కించేవాడు. అంతసేపూ నేను అమ్మ మోచెయ్యి కదలకుండా పట్టుకుని నిలబడేదాన్ని. నిలబడి నిలబడి కాళ్ళు తిమ్మిరెక్కేవి. ఒకసారి అలా నిలబడే, ఇది ఎప్పటికైనా అయిపోతుందా అనుకున్నాను. ఎలా అయిపోవాలనుకుంటున్నానో తెలిసి భయమేసింది.

తరవాత ఇంకో బిళ్ళ వచ్చింది. దాంతో నెల తిరక్కుండా అమ్మ లేచి వంటింట్లోకి నడిచింది. కానీ ముఖం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి పెరిగింది. వరసలో వాళ్ళు చూసి, అయ్యో ఆ బిళ్ళలా, ఎముకలు గుల్లయిపోతాయి, మానిపించెయ్యండి అన్నారు. నాన్న హడలిపోయి, డాక్టరుకు చెప్పకుండా ఒక్కరోజులో మానిపించేశాడు. వారం తిరిగేసరికి మిట్టమధ్యాహ్నం అమ్మ గోళ్ళు నీలంగా మారాయి. మాట లేదు, చివరికి కూత కూడా లేదు. కూత లేకపోతే తగ్గిందనుకున్నాను నేను, మూర్ఖురాలిని. గాలి ఆడితే కదా కూత వచ్చేది! జోగిపేట ఆమె చూసి బయటికి ఉరికి, దోవన పోతున్న కర్మాగారం జీపుకు అడ్డంగా నిలబడింది.

ఆ గండం గడిచాక ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టాడు. చిన్నవాడు, గొంతు పెంచేవాడు కాదు. ముందు నాన్నకు చెప్పాడు. "ఈ బిళ్ళ ఇలా ఉన్నపళంగా ఆపితే ప్రాణం పోతుంది. తగ్గించాలంటే నేను తగ్గిస్తాను, కొంచెం కొంచెంగా. ఊపిరి గొట్టాలు లోపల ఎప్పుడూ వాచి ఉంటాయి ఈవిడకి. పడనిది ఏదైనా తగిలితే చాలు, బిగుసుకుంటాయి. సూదిమందు బిగువు వదిలిస్తుంది అంతే. వాపు తీసేది ఈ బిళ్ళే."

"పైపు లోపల గార కట్టినట్టన్నమాట" అన్నాడు నాన్న. ఫిట్టరు కదా, అప్పుడు తలకెక్కింది.

"అలాగే అనుకోండి. కానీ పడనిది రోజూ తగులుతూనే ఉంటే నేనెన్ని మందులిచ్చి ఏం లాభం? ఇంకోసారి ఇలా వస్తే నా చేతుల్లో ఉండదు." తరవాత నా వైపు తిరిగాడు. "ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పడదమ్మా. ఆవిడకి ఏది పడదో మీరే కనిపెట్టాలి. ఆయాసం వచ్చినప్పుడల్లా ఎన్నింటికి వచ్చింది, దానికి ముందు ఇంట్లో ఏం జరిగింది, ఒక నోటుబుక్కులో రాయి."

నా డిగ్రీ కోసం కొని దాచుకున్న పుస్తకంలోనే రాశాను. నెల పదిహేను రోజులు. ఇల్లంతా పోలీసులా కాపలా కాశాను. మిరపకాయల తాలింపు రాశాను. పక్కింటి బొగ్గుల కుంపటి రాశాను. చల్లగాలి, అగరొత్తులు, నాన్న బీడీ, నాన్నతో మాటా మాటా వచ్చి అమ్మ ఏడ్చిన రోజు, అన్నీ రాశాను. గాలి పటాన్‌చెరు వైపు నుంచి వీచిందా, లింగంపల్లి వైపు నుంచా అన్నది కూడా వదల్లేదు. ఇంత శ్రద్ధగా పరీక్షలకు కూడా చదవలేదు.

డాక్టరు ఒక్కో వరస కింద వేలు పెట్టి ఆ పుస్తకం మొత్తం చదివాడు. "తాలింపుకి వస్తోంది, పొగకి వస్తోంది, నిజమే. కానీ అవి ఎప్పుడో ఒకప్పుడు. రోజూ వచ్చేది ఆరున్నరకి. ఆరింటికి మీ ఇంట్లో ఏం జరుగుతుంది?"

"ఏమీ జరగదండీ. పక్క వేస్తాను."

"ఎలా వేస్తావు?"

ఎలా ఏమిటి, చూపించాను. కిటికీలు మూశానన్నాను. దిండు ఇలా ఆనించి, కట్టెతో ఇలా, అని చెయ్యి పైకెత్తాను. ఎత్తిన చెయ్యి దించలేకపోయాను. డాక్టరు పుస్తకం మూశాడు. అనాల్సింది సంగారెడ్డి సాయిబు మూడేళ్ళ క్రితమే అనేశాడు. ఇన్నాళ్ళూ చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను.

ఇంటికొచ్చాక నాన్న పరుపులూ దిండ్లూ పెరట్లోకి మోశాడు. తగలబెడితే పొగ. ఎవరికైనా ఇద్దామంటే చేతులు రాలేదు. గోడ వెనక గొయ్యి తీసి పూడ్చేశాడు. అమ్మ వంటింటి గడపలో కూర్చుని చూసింది. గలీబు ఒక్కటి ఉంచమంది. దాన్ని మరిగే నీళ్ళలో వేసి తీశాను. పచ్చ చిలకలు వెలిసి తెల్లబడ్డాయి. ఆ ఏడు వానలు వెళ్ళాక పరుపులు ఏకడానికి వేరే ఆయన వచ్చాడు. మా సాయిబును గురించి అడిగితే "దమ్ముతోని ఇంట్లనే ఉంటుండు, బయటికి ఎల్తలేడు" అన్నాడు. ఆయన చెప్పిన మాటే నిజమైందని కబురు పంపించాం. ఆ కబురు అందిందో లేదో తెలియదు.

నవారు మంచం మీద పాత నూలు చీరలు మడతలు పెట్టి పరిచాను. వీపు వెనక ఎత్తుకి కూడా మడత చీరలే, ఆ గలీబులో దూర్చి. వారానికోసారి అన్నీ మరిగే నీళ్ళలో ఉతకాలి. విరిగేది మళ్ళీ నా నడుమే. అయితే ఇప్పుడు కిటికీలు తెరిచేదాన్ని. ఆరింటి సైరన్ మోగితే చెయ్యడానికి పనేమీ ఉండేది కాదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

అమ్మకు పూర్తిగా నయమైందని అబద్ధం చెప్పను. తీవ్రమైన ఉబ్బసం అలా పోదు. చలికాలం వస్తే మళ్ళీ సూదులు తప్పలేదు. డెబ్భైల చివర పటాన్‌చెరు వైపు కొత్త ఫ్యాక్టరీలు లేచి, గాలి తిరిగినప్పుడల్లా ఘాటు వాసనలు మొదలయ్యాయి. అప్పుడు మాత్రం కిటికీలు నిజంగానే మూసుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే నోట్లో కొట్టుకునే చిన్న పంపు వచ్చింది. అది మొదలుపెడితే ఇక ఆఖరు దశే అని జనం భయపెట్టేవాళ్ళు. అమ్మ దాన్ని కొంగున ముడివేసుకుని తిరిగేది. రోజూ వచ్చే ఆయాసం ఎప్పుడో వచ్చేదైంది. డాక్టరు బిళ్ళ సగానికి, తరవాత పావుకి తగ్గించాడు. ముఖం మళ్ళీ అమ్మ ముఖంలా అయింది.

దిండ్లు పూడ్చిన నాలుగో నెలో ఐదో నెలో, ఒక మధ్యాహ్నం, ఇద్దరం వెనక గుమ్మంలో కూర్చుని కొత్త చింతపండు గింజలు తీస్తున్నాం. నన్ను ఎప్పటి నుంచో తొలుస్తున్న మాట అడిగేశాను.

"అమ్మా, నేను దిండ్లు దులిపినప్పుడల్లా నీకు పట్టేసేది కదా. నీకెప్పుడూ అనుమానం రాలేదా?"

అమ్మ తల ఎత్తలేదు. "వచ్చింది."

"ఎప్పుడు?"

"సాయిబు చెప్పిన ఏడే. నువ్వు జ్వరంతో పడుకుని నాలుగు రోజులు దులపలేదు చూడు, ఆ నాలుగు సాయంత్రాలూ నాకు బాగానే ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు! ఎన్ని సూదులు, ఎన్ని జాగారాలు, ఆ నీలం గోళ్ళు! "తెలిసీ నోరు మూసుకు కూర్చున్నావా? అమ్మమ్మ దిండ్లు పోతాయనా?" అని అరిచాను.

"దిండ్ల కోసం కాదే" అంది అమ్మ. "నువ్వు వాటిని ఎలా కొట్టేదానివో నాకు కనపడదనుకున్నావా? ఎదురింటి పిల్ల బస్సు దిగి ఇంటికొచ్చే వేళకి నువ్వు కట్టె తీసేదానివి. చదువు మాన్పించాం, నువ్వు ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు, ఆ దెబ్బలన్నీ నాకు తగలాల్సినవేనని నాకు తెలియదా? ఆ దిండ్లనైనా కొట్టుకోనీలే అనుకున్నాను, అవి కూడా లేకపోతే అంత కోపం ఎక్కడ పెట్టుకుంటావే పిల్లా!"

అంత మాటా ఎక్కడా ఆగకుండా, మధ్యలో ఒక్కసారైనా ఊపిరి వెతుక్కోకుండా చెప్పింది. అంత పొడుగు మాట అమ్మ నోట విని ఎన్నేళ్ళయిందో. నేను చింతపండు చాట ఇవతలికి లాక్కుని, తల వంచుకుని గింజలు తీస్తూ కూర్చున్నాను.